రిపోర్టులో నిద్రపోయిన పెద్దమనిషి

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గట్టి నమ్మకం ఉండేది: నా ఇంగ్లీషు మీద, చట్టం మీద. పెళ్ళయి న్యూజెర్సీ వచ్చి, వర్క్ పర్మిట్ చేతికందగానే (చదివిన సివిల్ డిప్లొమా వృథా పోకూడదని) అమ్మకానికి పెట్టిన ఇళ్ళను తనిఖీ చేసే ఒక అమెరికన్ పెద్దాయన దగ్గర ట్రైనీగా చేరాను. మనసులో ఆయన్ని మేస్త్రీగారు అనుకునేదాన్ని. సంతకం ఆయనది, నిచ్చెన మోత నాది. మొదటి రోజే ఆయన చెప్పిన సూత్రం ఒకటే: “చూసింది రాయి. చూడలేకపోతే, ఎందుకు చూడలేదో రాయి. చట్టం అడిగేది అదే.”

ప్లెయిన్స్‌బరోలో ఒక తెలుగు ఆంటీ ఇల్లు అమ్ముతోంది. కొనేవాళ్ళు మమ్మల్ని పంపించారు. మేస్త్రీగారు బేస్‌మెంట్‌లోకి దిగుతూ నన్ను అటక చూడమన్నారు. అటకకు దారి మేడ మీది క్లాజెట్ (బట్టలు పెట్టుకునే చిన్న గది) పైకప్పులో ఉంది. ఆంటీ ఆ క్లాజెట్‌నే పూజగది చేసుకుంది. తలుపు మీద చెయ్యి వెయ్యబోతే, “అయ్యో, ఆగమ్మా! ఇప్పుడే నైవేద్యం పెట్టి స్వామిని పడుకోబెట్టాను. నాలుగింటిదాకా డిస్టర్బ్ చెయ్యకూడదు,” అంది. మాకేమో మూడింటికి ఇంకో ఇల్లుంది. పులిహోర ప్లేటు చేతిలో పెట్టి, “ఇంతకీ రిపోర్ట్‌లో ఏం రాస్తావేంటి?” అని మెల్లగా అడిగింది. “చెప్పకూడదు ఆంటీ. కొనేవాళ్ళకే ఇవ్వాలి, రూల్,” అన్నాను. (పులిహోర తినకూడదని రూలు లేదు. ఉందేమోనని నేను వెతకనూ లేదు.)

తీరా రాయడానికి కూర్చుంటే చిక్కొచ్చిపడింది. ఇంటివాళ్ళ మతం గురించి రిపోర్టులో ఒక్క ముక్క ఉండకూడదని మేస్త్రీగారి ఆజ్ఞ. కారణం రాయకపోతే చట్టం ఊరుకోదు. అరగంట ఆలోచించి ఇంగ్లీషులో ఇలా రాశాను: ‘అటక చూడలేదు. కారణం: క్లాజెట్‌లో ఒక పెద్దమనిషి నిద్రపోతున్నారు, ఆయన్ని లేపడానికి యజమాని ఒప్పుకోలేదు.’ రాత్రి డ్యూటీ చేసే తాతగారెవరో అనుకుని మేస్త్రీగారు సంతకం పెట్టేశారు. (క్లాజెట్‌లో ఎందుకని అడగలేదు. ఇతర దేశాల అలవాట్లను ప్రశ్నించే మనిషి కాదాయన.)

మూడో రోజు ఆంటీ ఫోను. కొనేవాళ్ళ లాయరు ఉత్తరం రాశాడట: క్లాజెట్‌లో ఉంటున్న వ్యక్తి పేరేమిటి, వయసెంత, ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు, అద్దె ఒప్పందం ఉందా, ఖాళీ చేయిస్తారా లేక డీల్ రద్దు చేసుకోమంటారా? “ఆయన వయసు నేనేం చెప్పనమ్మా? ఆయన్ని ఖాళీ చేయించడమేంటి! వచ్చే నెల మిషిగన్‌లో అంకుల్ కొత్త జాబ్‌లో జాయిన్ అవ్వాలి. ఈ డీల్ క్యాన్సిల్ అయితే మా గతేంటి?”

నా ఉద్యోగం పోయినట్టేననుకుంటూ మేస్త్రీగారికి అంతా చెప్పాను. ఆయన రిపోర్టు తీసి ఆ వాక్యం మళ్ళీ చదివారు. “అంటే దేవుడు అక్రమంగా కాపురముంటున్నాడని రాశామా మనం?” అన్నారు. “నేను అబద్ధం రాయలేదండీ,” అన్నాను. “తెలుసు. నా భయమూ అదే.”

మర్నాడు నాలుగున్నరకు వెళ్ళాం. ఆంటీ స్వయంగా స్వామిని హాల్లోకి తెచ్చి కూర్చోబెట్టింది. బూట్లు విప్పి, నిచ్చెనెక్కి మూత తీశాను. బాత్రూమ్ ఫ్యాను తడిగాలిని బయటికి కాక అటకలోకే వదులుతోంది. చెక్కలన్నీ నల్లగా బూజు పట్టి ఉన్నాయి. నా ఫోన్‌లో ఫోటో చూసి ఆంటీ, “ఇన్నేళ్ళూ ఇది ఆయన నెత్తి మీదే ఉందా?” అని కళ్ళు తుడుచుకుంది. వారంలో బాగు చేయించింది. సవరించిన రిపోర్టు వెళ్ళింది, ఇల్లు అమ్ముడయింది, స్వామి ఆంటీ ఒళ్ళో కూర్చుని మిషిగన్ వెళ్ళాడు.

ఇప్పుడు నాకూ లైసెన్సు ఉంది. ‘దారి ఉన్న గది వాడుకలో ఉన్నందున, యజమాని కోరికపై తెరవలేదు’ అని సరిగ్గా, చప్పగా రాసేస్తాను. ఏ లాయరూ ఉత్తరం రాయడు. అయినా అప్పుడప్పుడు, దేవుడి పరువూ చట్టం పరువూ ఒక్క వాక్యంలో కాపాడాలని గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. నేనైతే దానికి ఉద్యోగం ఇచ్చి ఉండేదాన్ని కాదు. కానీ పక్కన కూర్చోబెట్టుకుని, రాసినవన్నీ చదివించుకునేదాన్ని.