ప్రార్థన చేసి పంచుకున్న ఇల్లు

మధ్యాహ్నం బ్యాంకు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. "మేడమ్, ఆ డాక్యుమెంటు ఎప్పుడిస్తారండి? ఫైలు ఎన్నాళ్లని పక్కన పెట్టమంటారు?" అంది అవతలి అమ్మాయి, పాపం మర్యాదగానే. అప్పుడు నేను పిల్లకి నెబ్యులైజర్ పెడుతున్నాను. ఒక చేత్తో మాస్కు, ఇంకో చేత్తో ఫోను. వచ్చేవారం ఇస్తామన్నాను. కిందటి నెలలోనూ అదే అన్నాను. ఇప్పుడు పిల్ల నిద్రపోయింది కాబట్టి తీరిగ్గా కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను గానీ, ఎవరి మీద తెచ్చుకోవాలో తేలడం లేదు. బాపట్లలో ఉన్న పెద్దమ్మ మీదా, రేపల్లెలో ఉన్న చిన్నమామయ్య మీదా, సమాధుల తోటలో ప్రశాంతంగా పడుకున్న మా మామయ్యగారి మీదా?

తెనాలిలో మేముంటున్న ఇల్లు మావారి తాతగారు కట్టించినది. మంచి ఇల్లే. కాకపోతే ఆ కాలపు స్లాబు. వాన పడితే పైన నిలిచిన నీళ్లు తీరుబడిగా లోపలికి దిగుతాయి. పడగ్గది గోడ ఏడాదిలో సగం రోజులు చెమ్మగా ఉంటుంది. సున్నం పెచ్చులు ఊడి, తడిసిన గోనెసంచి వాసన వేస్తుంది. పిల్లకి పిల్లికూతలు మొదలయ్యాక డాక్టరుగారు, "మందులు నేను రాస్తాను, గోడలకి వైద్యం మీరు చేయించుకోవాలమ్మా" అన్నారు. స్లాబు తీసి కొత్తది వేయడానికి మా జీతాలు చాలవు. అందుకే బ్యాంకుకి వెళ్లాం.

ఇల్లు మాదే అనడానికి మా అత్తగారి దగ్గర ఒక ట్రంకు పెట్టె నిండా ఆధారాలున్నాయి. తాతగారి నాటి నుంచి కట్టిన ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, వాటి మధ్య కలరా ఉండలు. బ్యాంకు తరఫు లాయరుగారు అవన్నీ తిరగేసి, పక్కన పెట్టి, "పన్ను ఎవరు కడుతున్నారో చెబుతాయమ్మా ఇవి. ఇల్లు ఎవరిదో చెప్పవు" అన్నారు. డిగ్రీ చదివాను, ఉద్యోగం చేస్తున్నాను, ఈ ముక్క మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత అత్తగారు ఎంతో భద్రంగా దాచిన పంపకాల కాగితం తీసిచ్చాను. ఆయన దాన్ని చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

ఆ కాగితం కథ మా ఇంట్లో పండగలకి చెప్పుకునే కథ. తాతగారు పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. భోజనాలయ్యాక, అన్నదమ్ములిద్దరూ గొడవ పడకుండా పంచుకోవాలని చర్చి పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించారు. తెనాలి ఇల్లు ఒక చీటీ, అంగలకుదురు పొలం ఒక చీటీ. రెండింటినీ చర్చి కానుకల సంచిలో వేశారు. అప్పటికి నడక కూడా సరిగ్గా రాని మావారి చేత చీటీ తీయించారు. ఇల్లు మామయ్యగారికి వచ్చింది, పొలం చిన్నమామయ్యకి వెళ్లింది. అయ్యగారూ సంఘపెద్దలూ సాక్షి సంతకాలు చేశారు, అందరూ ఆమెన్ అన్నారు. అంతే. "దేవుడి ముందు పంచుకున్నాక మళ్లీ రిజిస్ట్రారు ముందు నిలబడితే, మనకి నమ్మకం లేనట్టు కాదూ?" అని అత్తగారు ఇప్పటికీ అడుగుతారు. దేవుడు లోను ఇవ్వడు కదా అనాలనిపిస్తుంది, అనలేను.

లాయరుగారు మాత్రం మెత్తగానే చెప్పారు. పంపకం కాగితం రాసుకుంటే అది రిజిస్టరు కావాలట. కాకపోతే ఇల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉన్నట్టట. "వీలునామా ఏమైనా రాశారా?" అని అడిగారు. లేదండి అన్నాను. "కూతుళ్లున్నారా?" ఒకరున్నారండి, బాపట్లలో. "మరి ఆవిడ సంతకం ఏదమ్మా ఇందులో?" నేను కాగితంలోకి చూశాను. ఉన్నవన్నీ మగవాళ్ల సంతకాలే. "మీ క్రిస్టియన్లకి కొడుకూ కూతురూ సమానమే. ఇప్పుడొచ్చిన సంగతి కాదు, ఎప్పటినుంచో ఉన్నదే" అన్నారాయన.

ఆ కూతురే పెద్దమ్మ. మావారికి మేనత్త, మామయ్యగారికి అక్క. రిటైరైన టీచరు. పంపకాల్లో ఆవిడకి నానమ్మగారి కుట్టుమిషను ఇచ్చారని కథలో చివర ఒక మాట వచ్చేది, అందరూ నవ్వేవాళ్లు. హక్కు వదులుకుంటూ ఆవిడా, చిన్నమామయ్యా ఒక పత్రం రాసి రిజిస్టరు చేయిస్తే దారి దొరుకుతుందన్నారు లాయరుగారు. ఫోన్ చేస్తే పెద్దమ్మ, "ఎప్పుడు రమ్మంటావు?" అని మాత్రం అడిగారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నారని నేను మురిసిపోయాను.

రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో బెంచీ మీద అందరం కూర్చున్నాం. చిన్నమామయ్య రేపల్లె రైలు దిగి వస్తూనే, "ఏంటక్కా, ఇంకా ఆ గొడుగు పారెయ్యలేదా?" అన్నాడు.

"నువ్వు నీ నోరు పారేశావా? ఇదీ అంతే" అన్నారు పెద్దమ్మ.

అందరం నవ్వాం. మా పిల్ల ఆవిడ ఒళ్లో కూర్చుని గొడుగు పిడి నాకుతోంది. మమ్మల్ని లోపలికి పిలిచారు. అధికారి తల ఎత్తకుండానే అడిగారు: "ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నారా అమ్మా?"

"లేదండి."

ఆయన తల ఎత్తారు. మావారు నేల చూశారు. చిన్నమామయ్య మొహం ఎర్రబడింది. "ఇంట్లో మాట్లాడుకుని రండమ్మా" అన్నారు అధికారి, తర్వాతివాళ్లని పిలుస్తూ.

బయట సోడా బండి దగ్గర నేనే ముందు అరిచాను. "ఇష్టం లేకపోతే ఫోన్లోనే చెప్పచ్చు కదా పెద్దమ్మా? దీని ఊపిరి వినండి ఒక్కసారి!" ఆవిడ నిజంగానే పిల్ల వీపు మీద చెవి ఆనించి విన్నారు. ఈలోగా చిన్నమామయ్య అందుకున్నాడు.

"అందరితో పాటు నువ్వూ ఆమెన్ అన్నావుగా అక్కా! ఇప్పుడేంటి ఇది, నలుగురిలో?"

"అన్నాన్రా. వంటింట్లో పులుసు గిన్నె దించుతున్నాను. ముందుగదిలోంచి ఆమెన్ వినపడింది, నేనూ అన్నాను. దేనికన్నానో సాయంత్రం కుట్టుమిషను రిక్షా ఎక్కించాక తెలిసింది."

"అయితే నీకిప్పుడు వాటా కావాలా?"

"కావాలని చెప్పానా? వదులుకోమని కాగితం తెచ్చారు గానీ, ఇస్తావా అని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. మీ అన్న అడగలేదు. నువ్వు అడగలేదు. ఈ అమ్మాయి కూడా తారీఖు చెప్పిందంతే."

నిజమే. నేను తారీఖు చెప్పాను, టిఫిన్ మా ఇంట్లోనే చేద్దురుగాని అన్నాను.

చిన్నమామయ్య సోడా పూర్తిగా తాగాడు. ఖాళీ సీసా బండివాడికి ఇచ్చి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఆయన గొంతు అంత చిన్నదిగా నేనెప్పుడూ వినలేదు. "అక్కా, ఆ ఇంట్లో నీ వాటా నీ మేనల్లుడికి ఇస్తావా?"

పెద్దమ్మ తమ్ముడి వంక చూశారు. కళ్లు తుడుచుకుంటారేమో, సరేనంటారేమో, మళ్లీ లోపలికి వెళ్లి సంతకం పెట్టేస్తారేమో అని నేను చేతిసంచిలో పెన్ను కూడా వెతుక్కున్నాను.

"ఆలోచించి చెబుతాను" అన్నారు. పిల్లని నా చేతికిచ్చి, బాపట్ల వైపు రైలు వేళైందని వెళ్లిపోయారు.

ఆ తర్వాత మేము ఫోన్ చేస్తే పిల్ల దగ్గు ఎలా ఉందని అడుగుతారు, తులసి రసం తేనెలో కలిపి పట్టమంటారు, ఆ విషయం ఎత్తరు. ఎత్తడానికి మాకు నోరు రాదు. నాకు మండిపోతుంది. ఆవిడ మీద మండిపోతుంది, మళ్లీ ఆవిడ చోట నేనుంటే ఏం చేసేదాన్నో తలచుకుంటే ఆ మంట వేరేవైపు తిరుగుతుంది. ఒక్క మాట అడగడానికి ఈ ఇంటికి ఒక తరం పట్టింది. జవాబు కోసం ఆవిడ ఎన్నాళ్లు తీసుకున్నా అన్యాయం అనలేను. కాకపోతే అందాకా ఆ చెమ్మ గోడ పక్కన పడుకునేది మా పిల్ల; పెద్దవాళ్లు బాకీపడిన కాలాన్ని ఎప్పుడూ పిల్లల కాలంలోంచే తీర్చాల్సి వస్తుంది.