పసుపు బొట్టు పెట్టిన ప్లేటు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, దసరా అయిపోయిన వారం. మహబూబ్‌నగర్ దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. విరిగిన ఎముకలకు వేసే టైటానియం మిశ్రమ లోహపు ప్లేట్లు మనిషి ఒంటికి పడతాయో లేదో తేల్చడం నా పని. ప్లేటును పోషక ద్రవంలో, ఒంటి వేడి దగ్గర ఒక రోజు నానబెట్టి, ఆ ద్రవాన్ని చిన్న పళ్లెంలో పెరుగుతున్న జీవకణాల మీద పోస్తాం. కణాలు బతికితే ప్లేటు పాస్. దీన్ని సైటోటాక్సిసిటీ టెస్ట్ అంటారు.

కొత్తకోట నుంచి ఒక వర్క్‌షాప్ వాళ్లు ఆరు ప్లేట్లు పంపారు. అది వాళ్ల మొదటి ఆర్డరు. నాలుగు ప్లేట్ల ద్రవంలో కణాలు హాయిగా ఉన్నాయి. మిగతా రెండింటి ద్రవంలో సగానికి పైగా చచ్చి, గుండ్రంగా ముడుచుకుపోయాయి. నా చెయ్యే తప్పిందేమోనని మళ్లీ చేశాను. అదే ఫలితం. ఒకే కడ్డీ నుంచి కోసిన ప్లేట్లకు ఇంత తేడా ఏమిటో అర్థం కాలేదు.

ఓనర్ ఫోన్‌లో మండిపడ్డాడు. "మీ కణాలే ఖరాబైనయేమో మేడం. ఫెయిల్ అని రాస్తే నా దుకాణం బంద్ అయితది."

"ఈ ప్లేటు మీ కాల్లో వేయించుకుంటారా?" అని నేనూ గట్టిగానే అడిగి, మర్నాడు బస్సెక్కాను.

వర్క్‌షాప్‌లో అడుగుపెట్టగానే మిషన్ల మీద పండుగనాటి పసుపు, కుంకుమ కనిపించాయి. "ప్లేట్లకు కూడా పెట్టారా?" అని అడిగాను. ప్లేట్లు కడిగి డబ్బాల్లో సర్దే బాలమణి ముందుకొచ్చింది. యాభై ఏళ్ల మనిషి.

"నేనే పెట్టిన మేడం, మొదటి రెండిటికి. మా ఆయన గొర్లు కాస్తడు. రోడ్డు మీద లారీ గుద్ది కాలిరిగితే గిసొంటి ప్లేటే ఏసిన్రు. ఇప్పుడు మంద ఎంబడి మంచిగ నడుస్తుండు. ఇది ఎవరి కాలుకు పోతదో, ఆళ్లు గూడ నడవాలె అని మొక్కి, కడిగినంక పసుపు బొట్టు పెట్టి, బట్టతోని తుడిచిన."

బట్టకు స్క్రూ రంధ్రాలు అందవు. పసుపు అక్కడ ఉండిపోయింది.

"రేపటి సంది పనికి రాకు!" అని ఓనర్ అరిచాడు.

"ఆమె నిజం దాచిపెడితే ఏడాది వెతికినా మీకు కారణం దొరికేది కాదు," అన్నాను. అతను ముఖం తిప్పుకుని, "ప్లేట్లు పాసైతే చూద్దాం," అన్నాడు.

ఆ రెండు ప్లేట్లను పద్ధతి ప్రకారం మళ్లీ కడిగి, మళ్లీ పరీక్షించాను. పాసయ్యాయి. వేరే పళ్లెంలో చిటికెడు పసుపు కలిపిన ద్రవం పోస్తే కణాలు చచ్చాయి. గాయానికి మనం నమ్మకంగా అద్దే పసుపు, స్క్రూ రంధ్రాల్లో కంటికి ఆననంత ఉన్నా ఆ కణాలు ఓర్చుకోలేకపోయాయి. లోహాన్ని మాత్రం ఓర్చుకున్నాయి! ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంగతి నాకు వింతే. అప్పటి నుంచి ఏ ప్లేటు ఫెయిలైనా, దాన్ని ఎవరు ముట్టారో, ఏ ఉద్దేశంతో ముట్టారో ముందు అడుగుతాను.

రిపోర్టు కోసం ఓనర్ బాలమణిని వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. అదే కడ్డీ ముక్కను కొన్ని రోజుల ముందే కణాల మధ్య పెట్టి ఉంచాను. ఆమెను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టాను. కణాలు లోహం అంచు దాకా పాకి, దాన్ని తాకుతున్నాయి.

"బతికున్నయా మేడం?"

"బతికే ఉన్నాయి."

"మా ఆయన కాల్ల గూడ గిట్లనే పట్టుకున్నయా?"

"ఇంకా గట్టిగా."

ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. వెనక నుంచి ఓనర్ మెల్లగా, "రేపు ఎనిమిదింటికి రా బాలమణీ," అన్నాడు. ఆమె లేచి, పళ్లెం వైపు చెయ్యి చాచబోయి, చప్పున వెనక్కి తీసుకుంది. రెండడుగులు వెనక్కి జరిగి దండం పెట్టింది.

"ముట్ట మేడం. ఈడికెళ్లే మొక్కుత."