ఖాళీ బడి ముందు లైను

మా ఆయనకు ఓటు అంటే మహా బద్ధకం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు పోలింగ్ రోజంటే ఆయనకు తీరిగ్గా నిద్రపోయే సెలవు. ఐర్లండ్‌లో స్థానిక ఎన్నికలకు పౌరసత్వం అక్కర్లేదని, ఇక్కడ నివసిస్తూ పేరు నమోదు చేసుకున్న వాళ్లందరికీ ఓటుందని చెప్పినా ఆయన ముఖంలో ఏ కదలికా లేదు. "మనమొక్కరం ఎయ్యకుంటే ఏమైతదే?" అన్నాడు టీ ఊదుకుంటూ. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ శుక్రవారం పొద్దున ఆయనతో పోట్లాడే తీరిక లేదు. పక్కింటి ఖాలాను ఓటుకు తీసుకెళ్తానని మాటిచ్చాను.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో మా గోడకు ఆనుకున్న ఇల్లే వాళ్లది. ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చారు. డెబ్బై దాటిన ఖాలా, నర్సింగ్ హోమ్‌లో పనిచేసే ఆమె కూతురు, చిన్న మనవరాలు. యుద్ధం తరిమితే కొన్నేళ్లు పెషావర్‌లో తలదాచుకున్నారు కాబట్టి ఖాలాకు ఉర్దూ వచ్చు. నేను పెరిగింది పాతబస్తీ పక్కన కాబట్టి నాకూ వచ్చు. "నీ ఉర్దూలో కారం ఎక్కువ" అని ఆమె ఏడిపిస్తుంది. పెరుగు తోడు దగ్గర మొదలైన స్నేహం మాది.

ముందురోజు సాయంత్రం ఆమె తన ఊరి ఎన్నికల సంగతి చెప్పింది. ఓటు వేస్తే చంపుతామని రాత్రికి రాత్రి గోడల మీద కాగితాలు అంటించేవారట. అయినా వెళ్లేవాళ్లు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మాత్రం కదిలేవారు కాదు. సగం మంది వెళ్లి క్షేమంగా తిరిగొచ్చాకే మిగతా సగం బయల్దేరేవారు. "పిల్లలకు ఎవరో ఒకరు మిగలాలి కదా బేటీ" అంది, కూరలో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా. ఒకసారి ఆమె లైన్లో ఉండగానే పక్క వీధిలో బాంబు పేలిందట. ఆడవాళ్లు ఎవరూ పరుగెత్తలేదు. ముందున్నావిడ ఒంటికి కప్పుకున్న చాదర్ కొంగు పట్టుకుని ఇంకా దగ్గరగా జరిగారట.

ఇక్కడి మొదటి ఓటుకూ ఆమె పద్ధతి మారలేదు. ముందు తను వెళ్తుంది. తను తిరిగొచ్చాక కూతురు వెళ్లాలి. అంతవరకూ మనవరాలి దగ్గర తల్లి ఉండాలి. "'ఇది లూకన్ పక్కన మమ్మీ, కాబూల్ పక్కన కాదు' అని ఎన్నిసార్లు చెప్పినా వినదు" అని కూతురు నా దగ్గర మొత్తుకుంది.

పొద్దున ఖాలా ఈద్‌కి వేసుకునే పచ్చ బట్టలు వేసుకుంది. గుమ్మం దగ్గర మనవరాలిని దగ్గరికి తీసుకుని చాలాసేపు వదల్లేదు. పిల్ల ఊపిరాడక గింజుకుంది.

పోలింగ్ మా పిల్లలు చదివే బళ్లోనే. నడుచుకుంటూ వెళ్లాం. గేటు దగ్గరికి రాగానే ఖాలా ఆగిపోయింది. ఆవరణలో నరమానవుడు లేడు. తలుపు దగ్గర ఒక గార్డా, అంటే ఇక్కడి పోలీసు, చేతులు కట్టుకుని ఎండ కాగుతున్నాడు. చేతిలో తుపాకీ కూడా లేదు.

"జనం ఏరి?" అంది.

"ఇక్కడంతే ఖాలా. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వస్తారు."

"కాదు. వాళ్లకేదో తెలిసింది. మనకే తెలియలేదు." నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "లైన్ లేని చోట నేను అడుగు పెట్టను. ఇంటికి పోదాం పద."

బతిమాలాను. గార్డా కూడా నవ్వుతూ లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. దాంతో ఆమె ఇంకా బెదిరింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, ఆమె మీద కాదు. బాంబు పేలినా కదలని మనిషి, మా బద్ధకానికి భయపడి వెనక్కి వెళ్లిపోవడమా?

ఆమెను గేటు పక్క బల్ల మీద కూర్చోబెట్టి ఫోన్ తీశాను. కాలనీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "అక్కలారా, అన్నలారా, ఐడీ పట్టుకొని జల్ది బడి కాడికి రండి. లోపలికి పోవద్దు, గేటు కాడ లైన్ కట్టాలె. ఎందుకో తర్వాత చెప్త."

అందరికంటే ముందు వచ్చింది మా ఆయనే. నిక్కరు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మ్యూట్‌లో ఆఫీసు మీటింగ్.

"ఏమైందే, గింత అర్జెంటు?"

"ఏం కాలే. లైన్ల నిలవడు."

వెళ్లి గేటు పక్కన నిలబడ్డాడు. అంత బుద్ధిగా ఆయన నా మాట వినడం పెళ్లయ్యాక అదే మొదలు. తర్వాత విజయవాడ ఆంటీ, ఆవిడ వెనక అంకుల్, వరంగల్ వాళ్లు, స్ట్రోలర్లలో పసివాళ్లు. కుక్కను తిప్పుతున్న ఐరిష్ తాత ఒకాయన ఏదో ఉచితంగా ఇస్తున్నారనుకుని చేరాడు. సంగతి తెలిశాక పకపకా నవ్వి, ఎలాగూ వచ్చాను కదా అని నిలబడ్డాడు. లోపలి నుంచి అధికారి వచ్చి, "ఖాళీయే, నేరుగా రండి" అంది. "పర్లేదండీ, మాకు లైనే ఇష్టం" అని మా అంకుల్ ఇంగ్లీషులో వినయంగా చెప్పాడు. ఆవిడ ముఖం చూడాలి!

ఖాలా లేచింది. లైన్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. ముందుకు రమ్మని అందరూ పిలిచినా, తల అడ్డంగా ఊపి చివరికి వెళ్లి నిలబడింది. నిలబడి, ముందున్న విజయవాడ ఆంటీ చున్నీ అంచు పట్టుకుంది. ఆంటీకి ఆ బాంబు సంగతేమీ తెలియదు. వెనక్కి తిరిగి చూసి, "పట్టుకోండమ్మా" అని చున్నీ కాస్త వదులు చేసింది. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

రెండడుగులు కదిలాక ఖాలా నా వైపు తిరిగింది. "కూతురికి ఫోన్ చెయ్యి. పిల్లను కూడా తీసుకురమ్మను."

"ఇప్పుడేనా? మీరు ఇంటికి వెళ్లాక కదా?"

"ఇప్పుడే."

కూతురు ఇంటి చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది, పిల్లను చంకనేసుకుని. ముగ్గురూ కలిసి లోపలికి వెళ్లారు. బయటికి వచ్చినప్పుడు పిల్ల ఇద్దరి చేతులూ పట్టుకుని ఊగుతోంది. ఎవరో చప్పట్లు కొట్టారు, మా ఆయనే అనుకుంటాను. మీటింగ్ మ్యూట్ తీసేసి ఉందని అప్పుడు చూసుకున్నాడు.

అంతలో ఖాలా ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో ఎవరున్నారు బేటీ?"

కూతురి వైపు చూశాను. ఆమె తాళంచెవి చూపించింది.

"ఎవరూ లేరు ఖాలా. తాళం వేసి వచ్చారు."

"ఎవరూ లేరా?" అంది. ఆ మాటను ఇంకోసారి తనలో తను అనుకుంది. తర్వాత పచ్చ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా నవ్వడం మొదలుపెట్టింది.