వాలుగ చేప దవడ

శ్రీకాకుళం బస్సులో ఉండగా, నేనెన్నడూ పేరు వినని పరిశోధన పత్రిక నుంచి మెయిల్ వచ్చింది. నేను నెట్‌లో పెట్టిన పొందూరు ఖద్దరు వ్యాసాన్ని నిపుణులు చదివి మెచ్చారట. గంటలోగా రుసుము కడితే అచ్చేస్తారట. "గౌరవనీయ డాక్టర్ గారూ" అన్నారు. నాకు డాక్టరేటు లేదు, నాది గ్రంథాలయపు చదువే. డబ్బు కట్టే బటన్ మీదికి వేలు పోయింది.

"ఏటి బావూ, ఆ సెమటలు?" అంది పక్కసీటు ముసలామె. మెయిల్ సంగతి చెప్పి, సంచిలోంచి వ్యాసం తీసి గర్వంగా చదివి వినిపించాను.

"వాలుగ సేప దవడతో దువ్వేది దారాన్ని కాదు, పత్తిని. దువ్వి దువ్వి నా సేతులరిగిపోనాయి. ఇంత తప్పు ఆ సదివినోల్లకి అవుపడనేదా?"

మెయిల్ మళ్లీ చూశాను. పొగడ్తలే తప్ప నా వ్యాసంలోని మాట ఒక్కటీ లేదు.

ఆమె పొందూరులో దిగిపోయింది. ఫోన్ జేబులో పెట్టేసి, పెన్సిల్‌తో "దారం" కొట్టేసి "పత్తి" అని రాశాను. కుదుపుకి అక్షరాలు వంకరపోయాయి. ఆ కాగితాన్ని మళ్లీ శుభ్రంగా రాయలేదు.