అడవిలోకి పోయిన బొమ్మ

మొన్న మా మనవడు ఫోనులో యుద్ధం ఆడుకుంటున్నాడు. వాడి సిపాయి చెట్లలోకి దూరి తెర మీద నుంచి మాయమైతే, "అడవిల ఉన్నడు అమ్మమ్మా, ఎవ్వలకు కనబడడు" అని నవ్వాడు. నేను చాయ్ పక్కన పెట్టాను. ఆ మాట నా చిన్నప్పుడు నిర్మల్‌లో ఒకసారి విన్నాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మా బాపు పొనికి చెక్కతో బొమ్మలు చేసేవాడు. రంగులు వేయడం ఇంటిల్లిపాదికీ పనే. నైజాం రాజ్యం పోయిన కొత్తలో, పట్నం నుంచి వచ్చిన ఒక చరిత్ర సారు మా వాడ చివర ఉండేవారు. బల్ల మీద బొమ్మ సిపాయిలను నిలబెట్టి, పాచికలు వేస్తూ పాతకాలపు యుద్ధాలు ఆడటమంటే ఆయనకు మహా పిచ్చి. తెల్లదొరలు పరాయి దేశపు అడవుల్లో పోరాడించిన రేంజర్ల దళం ఒకటి కావాలని బాపుకు పురమాయించారు.

పాపం, బాపుకు తెలిసిన రేంజరల్లా జంగ్లాత్ రేంజరే, అంటే అడవి శాఖ అధికారి! ఖాకీ బట్టలు తొడిగి, చెట్లకు గుర్తు కొట్టే ముద్ర సుత్తి తలా ఒకటి ఇచ్చి దళమంతా సిద్ధం చేశాడు. సారు పగలబడి నవ్వి, అసలు సంగతి చెప్పారు: ఆకుపచ్చ కోట్లు, పొడవాటి తుపాకులు, నడుముకు చిన్న గొడ్డలి, ఒక నాయకుడు, జంటలుగా నడిచే తుపాకీవాళ్ళు, అందరికంటే ముందు పోయి దారి చూసేవాడు. వెదురు పుల్లలతో తుపాకులు, డబ్బా రేకుతో గొడ్డళ్ళు చేసి మళ్ళీ ఆయుధాలు తొడిగాం, కోట్లకు రంగు నేనే వేశాను. ముందు నడిచేవాడి సుత్తి మాత్రం సారుకు నచ్చి అలాగే ఉంచమన్నారు.

ఆ బొమ్మ ముఖం చూసి ఇంట్లో అందరం చేతిలో పని వదిలేసి దగ్గరికి వచ్చాం. బాపు అనుకోకుండానే దానికి తన తమ్ముడి ముఖం, మా చిన్నబాపు ముఖం చెక్కాడు. చిన్నబాపు జంగ్లాత్‌లో గార్డు; అంతకు ముందటి వానాకాలం ముద్ర సుత్తి పట్టుకుని ఖానాపూర్ అడవిలోకి పోయి మళ్ళీ రాలేదు. పులి అన్నారు, వాగు అన్నారు. బాపమ్మ, అంటే మా బాపు తల్లి, కన్నది కదా, కొడుకు వస్తాడనే కూర్చుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె నన్ను వెంటబెట్టుకుని సారు ఆట చూడటానికి పోయింది. బల్ల మీద వేప రెమ్మలతో అడవి కట్టారు. సుత్తి బొమ్మ ఆ రెమ్మల్లోకి చేరగానే సారు దాన్ని తీసి సొరుగులో పెట్టేశారు. అడవిలో ఉన్నవాడు శత్రువుకు కనబడకూడదట, అది ఆట నియమం.

"మల్ల ఎప్పుడొస్తడు సారూ?" అంది బాపమ్మ.

పిలిస్తే వస్తాడమ్మా అన్నారాయన, ఆట ధ్యాసలో.

"దా కొడుకా, పొద్దువోతుంది" అని పిలిచింది బాపమ్మ.

సారుకు ఆట ధ్యాస వదిలింది. గబుక్కున సొరుగు లాగారు. బొమ్మ లేదు! బల్ల కింద వెతికాం, చాప ఎత్తి చూశాం, ఒట్టు, ఎక్కడా లేదు. సొరుగు అడుగున మాత్రం ఇంత తడి మట్టి ఉంది. నేను బాపమ్మ కొంగు పట్టుకున్నాను. బాపమ్మేమో, "ఇంటి తొవ్వ పట్టిండు" అంటూ సంబరంగా లేచింది.

సారు ఆట మానేశారు. బాపు తర్వాత ఎన్ని బొమ్మలు చెక్కినా ఆ ముఖం మళ్ళీ రాలేదు. బాపమ్మ బతికినన్నాళ్ళు తలుపుకు గడియ పెట్టనియ్యలేదు.

పోయినేడు ఖానాపూర్ బస్సులో పోతూ కిటికీలోంచి చూశాను. మన ఈడువాళ్ళకు ఎరుకే, పట్టపగలు చీకటిగా ఉండేది అక్కడ. ఇప్పుడు రెండు పక్కలా పత్తి చేలే, మనిషి దాక్కోవడానికి ఒక్క చెట్టు లేదు. అడవంతా కొట్టేశారు గానీ, మా చిన్నబాపు ఇంకా బయటికి రాలేదు.