ఎన్నేండ్లకు ఒప్పుకోవాల

హొసకోట బస్టాండు దగ్గర నాది చిన్న జిరాక్స్ అంగడి. దాంతోపాటు ఒక వెబ్‌సైటు కూడా నడుపుతున్నాను. శెనక్కాయల ధర, వాన ఏ ఊళ్ళో పడింది, సోలార్ పార్కులో ఏ పనికి మనుషులు కావాలి, ప్యానెళ్ళు కడిగేవాళ్ళలో ఏ ఊరి బ్యాచికి ఏ రోజు పని, ఇవన్నీ తెలుగులోనూ కన్నడలోనూ పెడతాను. చదివేవాళ్ళ దగ్గర పైసా తీసుకోను. పక్కన కనిపించే ఎరువుల ప్రకటనలు, మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటనలే దాన్ని పోషిస్తున్నాయి. వాటిని తెచ్చిపెట్టే ఏజెన్సీ బెంగళూరులో ఉంది.

ఒకరోజు ఆ ఏజెన్సీ నుంచి మెయిలు వచ్చింది. సైటు తెరిచిన ప్రతి మనిషినీ ముందు ఒప్పుకుంటారా అని అడగాలట, అడగకపోతే ప్రకటనలు ఆపేస్తారట. మనం ఏం చూశామో, ఎక్కడ నొక్కామో తెలుసుకోవడానికి వీళ్ళు మన ఫోనులోనే గుర్తులు దాచిపెడతారు. వాటినే కుకీలంటారు. ఇన్నేళ్ళూ ఎవరి గుమ్మం ముందూ నిలబడి అడగని పెద్దమనుషులు, చట్టం కళ్ళెర్రజేసేసరికి ఆ అడిగే పని నా నెత్తిన పెట్టారు.

సరే, అడగాలంటే అడిగినట్టే అడుగుదామని మొండికెత్తాను. అందుకు కారణం మా పెద్దమ్మ. వల్లూరులో ఆమెకు నాలుగెకరాల శెనక్కాయ చేను ఉండేది. సోలార్ పార్కు వచ్చినప్పుడు దాన్ని వాళ్ళకు లీజుకిచ్చింది. కాగితాలు తెచ్చిన మనిషి పేజీలు గబగబా తిప్పుతూ, పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చెయ్యమన్నాడు. చేసింది. ఎన్నేళ్ళకని ఆమె అడిగింది అన్నీ అయిపోయాకే. ఇరవై ఎనిమిదేళ్ళకని అతను చెప్పి, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సంగతి తెలిసి నాకు ఒళ్ళు మండింది. చదవకుండా, అడగకుండా సంతకం ఎట్లా పెట్టావని నలుగురి ముందు ఆమెను తిట్టాను. ఆమె ఇప్పుడు తన చేలో పరిచిన ప్యానెళ్ళనే రోజుకూలికి కడుగుతోంది.

కాబట్టి సైటు తెరవగానే అడ్డంగా వచ్చే ఆ ప్రశ్నలో, అదే బ్యానరులో, ఏమీ దాచకూడదనుకున్నాను. "మీరు ఈ సైటులో ఏం చూస్తున్నారో గుర్తుపెట్టుకుని ప్రకటనలవాళ్ళకు చెప్తాం. ఒప్పుకుంటారా?" అని రాశాను. కింద ఒకే కొలతలో, ఒకే రంగులో రెండు బటన్లు పెట్టాను. ఒకటి ఒప్పుకుంటాను, ఇంకొకటి ఒప్పుకోను. రాసి చూసుకుని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మంగళవాడ నుంచి ఒక రైతు ఫోను పట్టుకుని అంగడికి వచ్చాడు.

"ఏంది పాపా ఇది? ఒప్పుకుంటే ఎన్నేండ్లకు?"

నేను సెట్టింగులు తెరిచి చూడాల్సి వచ్చింది. అప్పటిదాకా ఆ ఆలోచనే నాకు రాలేదు. ఒక సంవత్సరమని ఉంది. అదే చెప్పాను.

"సాక్షి ఎవరు? నా కాపీ నాకు యాడ ఇస్తారు?"

సాక్షి ఎవరూ లేరు, కాపీ లేదు అన్నాను. ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, ఒప్పుకోను అన్నదాన్ని గట్టిగా నొక్కాడు. ఆ వారమంతా ఇదే వరస. చేను లీజుకిచ్చినవాళ్ళు, ఇవ్వనివాళ్ళు, అందరిదీ అదే ప్రశ్న. ఒప్పుకోమని ఎవరైనా అడిగితే ముందు ఎన్నేండ్లకని అడగాలని ఈ తాలూకాలో జనం నేర్చుకున్నారు. మామూలు చదువుతో వచ్చే తెలివి కాదది. వాళ్ళ మీద నాకు గర్వంగానే ఉండింది. కానీ ఒప్పుకునేవాళ్ళు లేక ప్రకటనల డబ్బు పడిపోయింది. ఇట్లాగే ఇంకో నెల సాగితే సైటు మూసెయ్యడమే.

ఏజెన్సీ మనిషి ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్థుడు.

"మేడం, రెండు బటన్లూ ఒకే సైజులో ఎవరైనా పెడతారా? ఒప్పుకుంటాను అనేది పెద్దగా, పచ్చగా పెట్టండి. ఒప్పుకోను అనేది తీసేసి, మరిన్ని వివరాలు అని చిన్నగా రాసి దాని లోపల పెట్టండి. అంత వివరం కూడా వద్దు. మీ అనుభవాన్ని మెరుగుపరచడానికి అని రాస్తే చాలు."

ఎవరి అనుభవం, ఏం మెరుగు అని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. పెన్సిలు గుర్తులను నమ్మిందని పెద్దమ్మను తిట్టడానికి నోరు వచ్చింది గానీ, నా అన్నం దగ్గరికొచ్చేసరికి అదే నోరు పడిపోయింది. బ్యానరు మార్చడానికి అరగంట కూడా పట్టలేదు.

రెండు రోజులకు పెద్దమ్మ వచ్చింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర అంచు తడిగానే ఉంది. అద్దం పగిలిన ఫోను నా ముందు పెట్టింది.

"మా బ్యాచికి రేపు పని ఉండాదో లేదో చూద్దామంటే ఇది అడ్డమొస్తాండాది. ఏందిది పాపా?"

"ఏం లేదు పెద్దమ్మా. పచ్చది నొక్కు, పోతుంది."

ఆమె నొక్కలేదు. ఫోను దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. చదివాక నన్ను చూసింది.

"వద్దనేది యాడ ఉండాది?"

చూపించాల్సింది. ఇదిగో ఇక్కడ, ఈ సన్న అక్షరాల లోపల దాచాను అని చెప్పాల్సింది. ఇంకెవరైనా అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఆమెకు చెప్తే నేనెవరినో ఆమెకు తెలిసిపోతుంది.

"నీకు దాంతో పని లేదులే" అన్నాను.

"నువ్వు ఆ పొద్దు తిట్టినావు కదా, అందుకే అడుగుతాండా" అంది. ఆ మాటలో దెప్పిపొడుపు ఏమీ లేదు, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "ఇది నువ్వు పెట్టిందే కదా?"

"నేనే పెట్టినాను."

"అట్లయితే ఇంకేం" అని పచ్చదాన్ని నొక్కింది. మర్నాడు పని ఉందని చూసుకుని, ఫోను రొండిలో దోపుకుని వెళ్ళిపోయింది. ఆమె బస్సెక్కేదాకా నేను తల ఎత్తలేదు. ఆ సాయంత్రమైనా బ్యానరును మళ్ళీ మార్చి ఉండొచ్చు. మార్చలేదు. మారుస్తాను, ఈ నెల గడవనీ అనుకున్నాను.

ఆ వారం చివర్లో ఏజెన్సీ మనిషి మళ్ళీ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఒప్పుకునేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారట. వల్లూరు వైపు మరీ ఎక్కువగా ఉన్నారట, ప్రత్యేకంగా ఏం చేశారు మేడం అని అడిగాడు. నాకు నిజంగానే తెలియదు.

తెలిసింది ఆదివారం, పెద్దమ్మ మా ఇంటికొచ్చినప్పుడు. ఆమె ముఖం వెలిగిపోతోంది. పనికి పోయే వ్యానులో ఆడవాళ్ళంతా ఆ బ్యానరును చూసి భయపడుతున్నారట. ఎన్నేండ్లకో తెలియకుండా నొక్కేది లేదని కూర్చున్నారట.

"మా పిల్ల పెట్టిందే, మోసం ఉండదు అని చెప్పినా. పద్నాలుగు మంది చేత నొక్కించినా. ఒక్కరు గూడా మారు మాట్లాడలేదు. నీకు మంచిదే కదా పాపా?"

"మంచిదే పెద్దమ్మా" అన్నాను.