నవ్వు ఖర్చయ్యాకే ఫొటో

పాస్‌పోర్టు ఆఫీసు ఎదురు సందులో ఉన్న ఫొటోగ్రాఫరుకి లోకంలో ఎవరికీ లేని పట్టుదల ఒకటుంది. మనిషిని కడుపుబ్బ నవ్విస్తే గానీ పాస్‌పోర్టు ఫొటో తీయడు. ఆ ఫొటోలో నవ్వు కనిపిస్తే ఆఫీసువాళ్లు ఒప్పుకోరని అందరికీ తెలిసిందే. "అందుకేనండీ! లోపలున్న నవ్వంతా ముందే ఖర్చయిపోవాలి. కాస్త మిగిలినా సరిగ్గా బటన్ నొక్కేటప్పుడే బయటికొస్తుంది" అంటాడు.

తీరా ఆయన జోకులు వింటే ఏడుపొస్తుంది. ఒక పెద్దమనిషి గంటసేపు విని, "ఫొటో వద్దు, ప్రయాణమే మానుకుంటాను" అని లేచిపోయాడట.

ఆ రోజు స్టూలు మీద ఒక నర్సు కూర్చుంది. పరాయి దేశపు ఆసుపత్రిలో ఏడాది ఉద్యోగం. నాలుగేళ్ల కూతుర్ని భర్తకు అప్పగించి వెళ్లాలి. కెమెరా కనిపిస్తే చాలు, ఆమె పెదాలు వాటంతటవే సాగుతాయి. ఆ చిరునవ్వు వల్లే దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. ఈరోజు నాలుగింటిలోపు ఇవ్వకపోతే పాస్‌పోర్టు వేళకి రాదు, ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అప్పటికే మూడుంపావు.

"త్వరగా తీయండి బాబాయిగారూ, మీకు పుణ్యముంటుంది!"

"నవ్వమ్మా, తీస్తాను."

"నవ్వినందుకే కదండీ రెండుసార్లు వెనక్కి పంపారు!"

"అది అరకొర నవ్వు. నాక్కావలసింది పూర్తి నవ్వు."

ఒక జోకు చెప్పాడు. ఆమె గడియారం చూసింది. ఇంకోటి చెప్పాడు. మళ్లీ గడియారమే చూసింది. మూడున్నరయ్యేసరికి ఒళ్లు మండిపోయింది.

"ఇంతమందిని విమానం ఎక్కించారు, మీరెప్పుడైనా ఎక్కారా?"

"ఎక్కడమ్మా! నాకు పాస్‌పోర్టే లేదు."

"ఏం?"

"నా జోకులన్నీ నాకు తెలిసినవే కదా. ఎంత చెప్పుకున్నా నవ్వు రాదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం నిజంగానే దిగాలుగా ఉంది. నర్సు పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వి నవ్వి అలిసిపోయి తలెత్తేసరికి క్లిక్కుమంది. పెదాలు ఇంత కూడా కదల్లేదు.

కవరు పట్టుకుని రోడ్డు దాటి పరుగెత్తింది. కౌంటరులో ఎప్పుడూ ముటముటలాడుతూ ఉండే అధికారిణి కవరు బోర్లించింది. ఐదు ఫొటోలు పడ్డాయి. నాలుగింట్లో నర్సు బుద్ధిగా ఉంది. ఐదో దాంట్లో పళ్లన్నీ బయటపెట్టి పడీపడీ నవ్వుతోంది. ఇక మూడోసారీ అంతేననుకుంది నర్సు.

అధికారిణి ఆ ఫొటో తిప్పింది. వెనక పెన్సిలుతో రాసి ఉంది: "ఇది ఆఫీసుకి కాదు. మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లోవాళ్లు చూసుకోవడానికి."

నర్సుకి పాప గుర్తొచ్చింది. అరగంట నుంచి మనసులో తిట్టుకున్న మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

అధికారిణి దరఖాస్తు మీద ముద్ర గుద్ది, ఆ ఒక్క ఫొటో ఇటు జరిపింది.

"జాగ్రత్తగా పెట్టుకోండి. ఆయన తీసింది నాదీ ఒకటి మా ఇంట్లో ఉంది" అని, గొంతు తగ్గించింది. "మావారు దాన్ని చూసి, ఈవిడెవరు అన్నారు!"